ఆర్డర్ లేని కొలువు

2022కు ముందు సైన్యంలో సిపాయిగా చేరినవాడు మామూలుగా 15 నుంచి 17 ఏళ్ల సర్వీసు పూర్తిచేసుకుని, నలభై నిండకముందే పెన్షన్ మీద ఇంటికొస్తాడు. హవల్దారో నాయబ్ సుబేదారో అయితే ఇంకొన్నేళ్లు ఉంటాడు. షార్ట్ సర్వీస్ కమిషన్ అధికారి పదేళ్లకో, పొడిగింపు దొరికితే పద్నాలుగేళ్లకో బయటికొస్తాడు. అతడికి పెన్షన్ కూడా ఉండదు. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం లెక్క మరీ పొట్టి. నాలుగేళ్ల తర్వాత పాతిక శాతం మందికి మించి ఉంచుకోరు. మిగతావారు సేవానిధి కింద వచ్చే సుమారు 11.71 లక్షల రూపాయలతో, పెన్షన్ లేకుండా, పాతికేళ్లకు అటూ ఇటూగా ఇంటిముఖం పడతారు. పిల్లల ఫీజులు, ఇంటి అప్పు, చెల్లెలి పెళ్లి, అన్నీ ముందున్న వయసది. రెండో కొలువు వెతుక్కోక తప్పదు.

ఆ రెండో కొలువంటే చాలాకాలంగా బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీ, అపార్ట్‌మెంటు గేటు దగ్గర రిజిస్టరు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాల్లో 10 శాతం, గ్రూప్ డి స్థాయిలో 20 శాతం మాజీ సైనికులకు రిజర్వేషన్ ఉంది. పోటీపడేవాళ్లు ఎక్కువ, పైగా ఉద్యోగం వచ్చినా అది సొంత ఊళ్లో ఉండదు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపి ‘మిలట్రీ మాధవరం’ అనే పేరు తెచ్చుకుంది. అలాంటి ఊరివాడు పదిహేనేళ్లు సరిహద్దుల్లో గడిపి వచ్చాక మళ్లీ హైదరాబాద్ శివార్లలో అద్దె గదికి పోవాలా అన్నదే ప్రశ్న. ఇంటి నుంచే చేసే పని ఇక్కడ పనికొస్తుంది.

ఇంటి పనిలో రెండు రకాలున్నాయి. వాటిని కలిపేసి మాట్లాడటం వల్లే సగం నిరాశలు. మొదటిది రిమోట్ ఉద్యోగం. జీతం, పైఅధికారి, పనివేళలు అన్నీ ఉంటాయి, ఆఫీసు మాత్రం ఇంట్లో ఉంటుంది. రెండోది ఫ్రీలాన్సింగ్. ఇందులో జీతం ఉండదు, ముక్కల పని ఉంటుంది. పని తెచ్చుకోవడం, ధర మాట్లాడుకోవడం, బిల్లు వేయడం, డబ్బు వసూలు చేసుకోవడం అన్నీ తనవే. మొదటిది సైనికుడికి అలవాటైన చొక్కా. కొలత మార్చితే సరిపోతుంది. రెండోదాన్ని కొత్తగా కుట్టించుకోవాలి. సైన్యంలో ఎవరో ఆర్డర్ ఇస్తేనే పని మొదలయ్యేది. బజారులో ఆర్డర్ అనే మాటకు అర్థం వేరు. దాన్ని వెళ్లి తెచ్చుకోవాలి.

అమ్ముకోవడానికి ఏముంది అన్నది తర్వాతి సంగతి. ఇది సైనికుడి ట్రేడ్‌ను బట్టి ఉంటుంది. స్టోర్ కీపర్ టెక్నికల్, వాడుకలో ఎస్‌కెటి, సంగతే చూడవచ్చు. పదిహేనేళ్లు అతడు చేసింది బిన్ కార్డులు రాయడం, లెడ్జరుతో సరుకు సరిచూడటం, తక్కువొస్తే ఎక్కడ తక్కువొచ్చిందో తేల్చడం. ఆన్‌లైన్‌లో సరుకు అమ్మే చిన్న వ్యాపారులకు ఇప్పుడున్న పెద్ద తలనొప్పి అదే. కానీ అతడి ప్రొఫైల్ తెరిస్తే కనిపించేది ‘17 ఏళ్ల సైనిక సేవ, క్రమశిక్షణ, నిజాయితీ, కష్టపడే తత్వం’. చదివినవాడు మనసులో దండం పెట్టి, పని ఇంకొకరికి ఇస్తాడు. అదే మనిషి ‘మీ ఎక్సెల్ షీటులోని స్టాకుకూ అరలో ఉన్న సరుకుకూ తేడా వస్తోందా? ఆ తేడా ఏ తారీఖున, ఏ బిల్లు దగ్గర మొదలైందో వారంలో తేల్చి ఇస్తాను’ అని రాసుకుంటే ఫోన్ వస్తుంది. రెండు చోట్లా అనుభవం ఒకటే. మొదటిదాంట్లో మనిషి గుణం ఉంది, రెండోదాంట్లో కొనేవాడి ఇబ్బంది ఉంది.

క్లర్కుగా చేసినవాడికి ఉత్తర ప్రత్యుత్తరాలు, నెంబర్లు వేసిన పేరాలు, సిబ్బంది వివరాలు నమోదుచేసే పార్ట్ టూ ఆర్డర్లలో ఒక్క అక్షరం తప్పినా పడే తిప్పలు బాగా తెలుసు. అతడికి బుక్‌కీపింగ్, డేటా సరిదిద్దడం, ఎవరికైనా దూరం నుంచే ఆఫీసు సహాయకుడిగా ఉండటం దగ్గరి పనులు. నర్సింగ్ అసిస్టెంటుకు మెడికల్ కోడింగ్ ఉంది. రోగాల పేర్లు, మందుల పేర్లు అతడు కొత్తగా నేర్చుకోవక్కర్లేదు, కోడ్ పుస్తకం వాడటమూ సిపిసి లాంటి పరీక్షా మాత్రం ఉన్నాయి. సిగ్నల్స్‌లో చేసినవాడు నెట్‌వర్క్ నిఘా పనికి, సాంకేతిక సహాయం పనికి సులువుగా మళ్లుతాడు. సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్‌లో శిక్షణ పొందిన మెకానిక్ నైపుణ్యం గొప్పదే, కానీ ఇంజను విప్పే పనిని ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని చేయడం కుదరదు. అతడు డ్రాయింగు సాఫ్ట్‌వేరో, రిపేరు మాన్యువళ్లు రాయడమో నేర్చుకుంటే తప్ప ఈ దారి అతడిది కాదు.

మిగిలింది జనరల్ డ్యూటీ సిపాయి. సంఖ్యలో వీళ్లే ఎక్కువ, ఈ తరహా సలహాల్లో కనిపించనిదీ వీళ్లే. బల్ల ముందు కూర్చుని చేసే విద్య ఏదీ సైన్యం వీళ్లకు నేర్పలేదు. అయినా రెండు ఆస్తులున్నాయి. ఒకటి హిందీ. మాతృభాష తెలుగు, పదిహేనేళ్లు బ్యారక్‌లో మాట్లాడింది హిందీ. రాయడం అంతంతమాత్రమైనా మాట్లాడటంలో తడబాటు ఉండదు. రెండు భాషల్లోనూ ఫోన్ మీద కస్టమర్లతో మాట్లాడే పనికి, మాటల రికార్డింగులను విని సరిచూసే పనికి అది చాలు. రెండోది ఒళ్లు. తెల్లవారుజామున ఊరి రోడ్ల మీద 1.6 కిలోమీటర్ల పరుగు సాధన చేసే రిక్రూట్‌మెంట్ కుర్రాళ్లకు వారం వారం ప్రణాళిక ఇచ్చి, వీడియో చూసి తప్పులు చెప్పే శిక్షకుడు కావాలి. ఇది చిన్న ఆదాయమే, కానీ పెట్టుబడి ఫోను ఒక్కటే. పెన్షన్‌లో కొంత ముందే తీసుకున్న కమ్యూటేషన్ సొమ్ము తెచ్చి ఊళ్లో దుకాణమో కోళ్ల ఫారమో పెట్టి చేతులు కాల్చుకున్నవాళ్లతో పోలిస్తే పోయేదేమీ లేదు.

అసలు కష్టం ధర దగ్గర మొదలవుతుంది. సైనికుడు జీవితంలో ఎన్నడూ తన పనికి ధర చెప్పలేదు. బేసిక్, డిఎ, జవాన్లకూ నాయబ్ సుబేదారు లాంటి జేసీవోలకూ ఏడో వేతన సంఘం 5,200 రూపాయలుగా నిర్ణయించిన మిలట్రీ సర్వీస్ పే, అన్నీ పైనుంచి వచ్చినవే. సియాచిన్‌లో ఉన్నా సికింద్రాబాద్‌లో ఉన్నా బేరమాడే ప్రసక్తి లేదు. అలాంటివాడిని ‘ఎంత తీసుకుంటారు?’ అని అడిగితే, ‘మీకు తోచింది ఇవ్వండి’ అంటాడు. అది మర్యాదే, కానీ అవతలివాడికి తోచేది తక్కువే. పెన్షన్ వస్తోంది కదా అన్న ధీమా ఆ ధరను ఇంకాస్త దించుతుంది. పెన్షన్ పాత పనికి వచ్చే డబ్బు. కొత్త పనిలో దాన్ని తగ్గింపుగా ఇవ్వాల్సిన అవసరం ఎవరికీ లేదు.

లెక్క కాగితం మీద వేసి చూస్తే తేడా తెలుస్తుంది. నెలకు 40,000 రూపాయలు చేతికి రావాలనుకున్నవాడు, రోజుకు ఎనిమిది గంటల చొప్పున నెలకు 160 గంటలు అనుకుని గంటకు 250 రూపాయలు చెబుతాడు. నిజానికి పని వెతకడం, మెయిళ్లు, బిల్లులు, సవరణలు పోను డబ్బు రాలే గంటలు వారానికి పాతిక మించవు. అంటే నెలకు వంద. అప్పుడు గంటకు 400 పడాలి. ఫైవర్ లాంటి వేదిక మీద అయితే వచ్చినదాంట్లో 20 శాతం వాళ్లు పట్టుకుంటారు. కాబట్టి కొనేవాడికి చెప్పాల్సింది 500. మొదట నోటికొచ్చిన అంకెకు ఇది సరిగ్గా రెట్టింపు. విదేశీ డబ్బు రూపాయల్లోకి మారేటప్పుడు పోయే నాలుగు డబ్బులు ఇందులో కలపలేదు.

ధర తర్వాత హద్దు. ‘ఎస్ సర్’ నోటికి అలవాటైనవాడు క్లయింటు అడిగిన ప్రతి అదనపు పనికీ తలూపుతాడు. పది పేజీల పని ఇరవై అవుతుంది, డబ్బు పదికే వస్తుంది. దీనికి మందు సైన్యంలోనే ఉంది. పరిస్థితి, లక్ష్యం, అమలు, సరఫరాలు, కమాండ్–సమాచార సంబంధాలు అంటూ ఐదు పేరాల్లో ఆపరేషన్ ఆర్డర్ రాయడం నేర్చుకున్నవాడికి పని ఒప్పందం రాయడం ఎంతసేపు? క్లయింటు ఇబ్బంది ఏమిటి, చేతికి అందేది ఏమిటి, ఏ దశ ఏ తేదీకి, క్లయింటు ఇవ్వాల్సిన ఫైళ్లు ఏవి, సవరణలు ఎన్నిసార్లు, ఎవరు ఎవరితో మాట్లాడాలి. ఒక్క పేజీ చాలు. సగం డబ్బు ముందే అనే ఆరో పేరా మాత్రం సైన్యం నేర్పలేదు, సొంతంగా కలుపుకోవాలి.

ఇక సమయం. క్లయింటు అమెరికావాడైతే, అక్కడి తూర్పు తీరంలో ఉదయం పది గంటలంటే వేసవిలో ఇక్కడ సాయంత్రం ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. రాత్రి కాపలాకు అలవాటుపడ్డ కంటికి ఆ వేళలు పెద్ద విషయం కాదు. చిక్కు పగటిపూటే. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. పదిహేనేళ్లుగా ఇంటివాళ్లు అతడిని చూసింది ఆ సెలవుల్లోనే. అతడు ఇంట్లో ఉన్నాడంటే ఖాళీగా ఉన్నాడనే వాళ్ల లెక్క. గ్యాస్ బండ, మేనమామ ఆసుపత్రి పని, పంచాయతీ ఆఫీసు సంతకం అన్నీ అతడి మీదే పడతాయి. ‘కంప్యూటర్ చూసుకుంటున్నాడులే’ అనేది వాళ్ల దృష్టిలో పని కింద రాదు. అతడికీ అంతే, ఇల్లంటే సెలవు అని ఒంటికి పట్టేసింది. అందుకే కొందరు మేడ మీద గదికి మెట్లెక్కి, చొక్కా మార్చుకుని, బూట్లు వేసుకుని మరీ కూర్చుంటారు. చూసేవాళ్లు నవ్వినా అది పనిచేసే చిట్కా. ఇన్వర్టరూ, రెండో సిమ్ముతో ఇంకో ఇంటర్నెట్ దారీ ఉండాలన్నది వేరే చెప్పక్కర్లేదు.

జాగ్రత్తల్లో మొదటిది నోటికి సంబంధించింది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం యూనిఫాం తీసేయగానే మాఫీ కాదు. ప్రొఫైల్‌లో ట్రేడు, అనుభవం రాసుకోవచ్చు. యూనిట్, పోస్టింగు చోటు, పరికరాల పేర్లు రాయకూడదు. ‘కన్సల్టెన్సీ’ పేరుతో విదేశీయుడెవరో పరిచయమై, చిన్న నివేదికకు పెద్ద మొత్తం ఇస్తానంటే ఆగాలి. అంతకుముందు అయిదేళ్లలో కనీసం పది వేల మంది తమ దేశ పౌరులను ఇలాంటి నకిలీ ప్రొఫైళ్లు సంప్రదించాయని బ్రిటన్ గూఢచార సంస్థ ఎంఐ5 2021లో హెచ్చరించింది. రెండోది గుర్తింపు కార్డు. పాత సామాన్ల అమ్మకాల యాప్‌లలో సైనికులమని నమ్మించి మోసం చేసే ముఠాలకు కావాల్సింది అసలు సైనికుల కార్డుల ఫోటోలే. పని ఇస్తామంటూ వాటి కాపీ అడిగినవాడికీ, ముందుగా డిపాజిట్ కట్టమన్నవాడికీ ఒకటే జవాబు చెప్పాలి.

పన్ను సంగతి క్లుప్తంగా. పెన్షన్ జీతం కింద లెక్కకొస్తుంది, ఫ్రీలాన్స్ ఆదాయం వృత్తి లేదా వ్యాపారం కింద. రెండూ కలిపే రిటర్ను వేయాలి. అకౌంటెన్సీ, సాంకేతిక సలహా లాంటి కొన్ని వృత్తులకు వచ్చిన మొత్తంలో సగాన్ని ఆదాయంగా చూపితే సరిపోయే వెసులుబాటు ఉంది. అలా చూపేవారు ముందస్తు పన్నును మార్చి 15లోగా ఒకే వాయిదాలో కట్టవచ్చు. సేవలకు జీఎస్టీ నమోదు పరిమితి తెలుగు రాష్ట్రాల్లో ఏడాదికి 20 లక్షలు. మామూలు ఫ్రీలాన్సరును నిద్రపోనివ్వని ఆసుపత్రి ఖర్చు భయం పెన్షన్ మీద వచ్చిన సైనికుడికి చాలావరకు లేదు; 2003లో మొదలైన మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ అతడికీ కుటుంబానికీ ఉంది. అగ్నిపథ్ కింద చేరి వచ్చేసిన అగ్నివీరుడికి ఆ నీడ లేదు, కాబట్టి అతడి గంట ధరలో బీమా ప్రీమియం కూడా కలవాలి.

సర్వీసులో ఉండగా బయటి సంపాదనకు నిబంధనలు ఒప్పుకోవు. నేర్చుకోవడానికి అడ్డు లేదు. రక్షణ శాఖ కింద ఉన్న పునరావాస డైరెక్టరేట్, డీజీఆర్, సర్వీసు చివరి దశలో ఉన్నవారికి కోర్సులు నడుపుతుంది. అధికారులకు ఐఐఎంలలో 24 వారాల మేనేజ్‌మెంట్ కోర్సుల వరకూ ఉన్నాయి. జవాన్లలో చాలామంది ఆ జాబితాలో సెక్యూరిటీ సూపర్‌వైజర్ కోర్సుకే టిక్కు పెడతారు, ముందు వెళ్లినవాడు అదే పెట్టాడు గనుక. వివరాలకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది.

వీళ్లందరికంటే ఈ పని అవసరం ఎక్కువ ఉన్నవారు ఇంకొందరున్నారు. వెన్నెముకకు దెబ్బ తగిలి చక్రాల కుర్చీకి పరిమితమైన సైనికుల కోసం పుణె ఖడ్కీలో, మొహాలీలో ప్రత్యేక పునరావాస కేంద్రాలు నడుస్తున్నాయి. సొంత ఊరికి చేరినవాళ్లూ ఉన్నారు. బస్సెక్కి ఆఫీసుకు వెళ్లడం కుదరని ఆ మనిషి చేసిన పనికి, కుర్చీలోంచి లేచి తిరిగేవాడి పనికి తెర మీద తేడా కనబడదు, ధరలోనూ ఉండాల్సిన పని లేదు. గాయం కారణంగా సర్వీసు నుంచి తప్పించిన సైనికుడి వైకల్య పెన్షన్ మీద ఆదాయపు పన్ను లేదు. ఇంట్లో కూర్చుని సంపాదించినదాని మీద మాత్రం అందరికీ పడినట్టే పడుతుంది.