మూడు కట్టుబాట్లు, 85 కానన్లు

కంభం, మార్కాపురం, త్రిపురాంతకం వైపు మాదిగ పల్లెల్లోకి బాప్తిస్టు మతం ఒంగోలు మీదుగా వచ్చింది. 1867 జనవరి 1న ఒంగోలులో క్లౌ దొర అనే మిషనరీ ఎనిమిది మందితో సంఘం పెట్టాడు. చేరేవాళ్లకి చెప్పిన కట్టుబాట్లు మూడే: ఆదివారం పనికి పోవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు.

వినడానికి చిన్నవే. కానీ ఊళ్లో గొడ్డు చస్తే దాన్ని మోసుకుపోవాల్సింది మాదిగలే. ఆ తోలుతోనే రైతుకి చెప్పులూ కపిల బానా కుట్టివ్వాలి. కొలుపులకి డప్పు కొట్టాలి. కోతల రోజుల్లో ఆదివారం రామంటే ఆసామి ఊరుకుంటాడా? ఆ మూడు మాటలతో ఊరంతటితో ఉన్న తరతరాల లెక్క కదిలింది.

తొలి క్రైస్తవులదీ ఇదే చిక్కు. యూదులు కానివాళ్లు సంఘంలో చేరితే ఏం పాటించాలని యెరూషలేములో పెద్ద వాదనే జరిగింది. విగ్రహాలకి పెట్టింది, రక్తం, గొంతు పిసికి చంపింది, జారత్వం మానితే చాలని తేల్చి, ఆ మాటే ఉత్తరం రాసి అంతియొకయకి పంపారు. అపొస్తలుల కార్యముల 15వ అధ్యాయంలో ఉంది ఆ కథ. సంఘ చట్టానికి పునాది ఆ ఉత్తరమేనని నా ఉద్దేశం.

380 ప్రాంతంలో సిరియాలో ఎవరో పాత నియమాలన్నీ పోగేసి అపొస్తలుల పేరున గ్రంథం కూర్చారు. పద్దెనిమిది పురాణాలూ వ్యాసుడివే అనుకునే మనకి ఈ పద్ధతి కొత్తేం కాదు. దాని చివర 85 కానన్లు, అంటే సంఘ నియమాలు, ఉన్నాయి. 63వది చూడండి: రక్తం పోని మాంసం, మృగం చంపింది, తనంతట చచ్చింది తింటే బిషప్పుకైనా పదవి పోతుంది, మామూలు విశ్వాసికి వెలి. పల్లెల్లో చెప్పిన రెండో కట్టుబాటు ఇక్కడుంది!

పేరు అరువు తెచ్చుకోని సంపుటాలు బిషప్పుల సభల నుంచి పుట్టాయి. 325 నాటి నైసియా సభవి 20 కానన్లు. గురువులు వడ్డీ వ్యాపారం చేయకూడదన్నది వాటిలో ఒకటి. దాని వెనక అన్సైరా సభవి 25, నియోసిజేరియావి 14, గాంగ్రావి 20 చేర్చి వరసగా అంకెలు వేశారు. మొత్తం 79. ఆ లెక్కన వాటి తర్వాత వచ్చే అంతియొకయ సభ నాలుగో కానన్ 83వది. 451లో కాల్సిడన్ సభలో తగువు వస్తే ఆ అంకెతోనే తీసి చదివారు. చట్టం పుస్తకమైందంటే ఇదీ: ఎక్కడి తీర్పునైనా పేజీ తిప్పి చూపించవచ్చు. 500 ప్రాంతంలో రోములో డయొనిసియస్ అనే సన్యాసి వీటిని లాటిన్‌లోకి తెచ్చాడు. క్రీస్తు శకం లెక్క కట్టింది కూడా ఈయనే. అపొస్తలుల కానన్లలో మాత్రం యాభైకే ఆగాడు. అందుకే 63వది తూర్పు సంఘాల దగ్గరే ఉండిపోయింది.

ఒంగోలులో ఇలాంటి సంపుటం తయారవలేదు. బాప్తిస్టులకి కానన్ల పుస్తకం లేదు, బైబిలే ప్రమాణం, ఏ సంఘం తీర్పు ఆ సంఘానిదే. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతమందికీ కట్టుబాట్లు బోధకుల నోటి మాటగానే అందాయి. మూడు నెలలకోసారి ఆ బోధకులు ఒంగోలులో కలిసేవారు. క్లౌ పోయిన నాలుగేళ్లకి, 1914లో వచ్చిన ఆయన పుస్తకంలో ఆ మూడూ అచ్చులో కనిపిస్తాయి. 83వ అంకె చూస్తే ఎవరు ఎవరితో పోట్లాడారో తెలియదు. క్లౌ పుస్తకంలో ఆదివారం పనికి రాని మాదిగ మీద ఊరి పెద్దల కోపం కూడా ఉంది.