ఎర్రసిరా చూడని వాక్యం

విద్యార్థుల తెలుగు వ్యాసాలను దిద్దడంలో మన పాఠశాలల్లో తరతరాలుగా ఒక పద్ధతి స్థిరపడి ఉంది. దిద్దిన పుస్తకం ఏదైనా తెరిచి చూస్తే ఎర్రసిరా ఎక్కువగా అక్షరాల మీదే కనిపిస్తుంది. ఒత్తులు, దీర్ఘాలు, లకార ళకారాలు, శకార షకార సకారాలు ఉపాధ్యాయుని కంటికి వెంటనే ఆనుతాయి. వాక్యం మాత్రం, ఎంత వంకరగా నడిచినా, అక్షరాలు సరిగా ఉంటే చాలు, తప్పించుకుపోతుంది. విద్యార్థి రచనలో అసలు నష్టం జరుగుతున్నది ఈ తప్పించుకుపోయిన చోటనే.

ఉదాహరణ లేకుండా ఈ మాట తేలదు. పదో తరగతి విద్యార్థి ఒకడు 'మా ఊరి చెరువు' అనే అంశం మీద ఇలా రాశాడనుకుందాం: "మా ఊరు ఒక పెద్ద చెరువును కలిగి ఉంది. పోయిన ఏడు వానలు పడి చెరువు నిండింది. మా తాత పొలానికి పోయి కట్ట తెగింది. ఊరోళ్లందరు ఉరికి వచ్చిండ్రు. కట్ట తెగడానికి కారణం ఏమిటంటే దానిని ఎవరూ బాగు చేయలేదు. అందరు చాలా భాద పడ్డారు."

ఈ ఆరు వాక్యాలను అలవాటు ప్రకారం దిద్దితే 'భాద' 'బాధ' అవుతుంది. 'ఊరోళ్లు' 'ఊరివాళ్లు' అవుతారు. 'వచ్చిండ్రు' 'వచ్చారు' అవుతుంది. అంతటితో దిద్దుబాటు ముగుస్తుంది. మొదటి వాక్యం, మూడో వాక్యం చెక్కుచెదరకుండా నిలుస్తాయి. దిద్దిన వాటిలో నిజమైన తప్పు ఒక్కటే. దిద్దకుండా వదిలిన వాటిలో ఒకటి, ఆ వ్యాసం రాయడానికే కారణమైన సంగతిని మింగివేసింది.

ముందు తేలికైన దానిని చూడవచ్చు. 'బాధ'ను 'భాద' అని రాసిన విద్యార్థికి ఆ మాటలో ఎక్కడో ఒక ఒత్తు ఉన్నదని తెలుసు. అది ఏ అక్షరానికి చెందుతుందో తెలియదు. 'విధ్యార్థి', 'ధన్యవాధాలు' అని రాసేవారి స్థితీ అదే. అచ్చతెలుగు మాటల్లో మహాప్రాణాలు లేవు. సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లోనూ మామూలు ఉచ్చారణలో అవి చాలామంది నోట పలకవు. చిన్నయసూరి సంస్కృతానికి ఏభై వర్ణాలు, తెలుగుకు ముప్పై ఆరు అని లెక్క కట్టినప్పుడు ఈ తేడాను శాస్త్రబద్ధంగానే గుర్తించాడు. అందుచేత ఇది అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదు, చెవి సాయం అందని తప్పు. కంటితో పదే పదే చూస్తే కుదురుకుంటుంది. చదివే పుస్తకాల సంఖ్య పెరిగితే సగం దానంతట అదే పోతుంది. 'ప్రాధాన్యత', 'నైపుణ్యత' వంటి రూపాలు వేరే తరగతికి చెందుతాయి. భావార్థక ప్రత్యయం చేరిన మాటకు మళ్లీ అదే పని చేసే ప్రత్యయం తగిలించడం ఇక్కడి దోషం. అయితే వీటిని విద్యార్థుల కంటె పెద్దలే ఎక్కువగా వాడుతున్నారు కనుక పిల్లవాణ్ణి ఒక్కణ్ణే నిందించడం న్యాయం కాదు.

ఇక మూడో వాక్యం. "మా తాత పొలానికి పోయి కట్ట తెగింది." 'పోయి' అనేది క్త్వార్థకం. ఒకే కర్త చేసిన రెండు పనుల్లో ముందు జరిగిన దానిని క్త్వార్థకం చెబుతుందని, ఆ రెంటికీ కర్త ఒకటే కావాలని పాణిని నాటి నుంచి ఉన్న నియమం. ఇక్కడ పోయినవాడు తాత, తెగినది కట్ట. కనుక వాక్యం తప్పు. ఇంతవరకు ఏ వ్యాకరణ పుస్తకమైనా చెబుతుంది. కాని పై వాక్యంలోనే "వానలు పడి చెరువు నిండింది" అని అదే విద్యార్థి రాశాడు. అక్కడా కర్తలు ఇద్దరే: పడినవి వానలు, నిండినది చెరువు. అయినా ఆ వాక్యం నిర్దుష్టం. తెలుగువాడెవడూ దానికి అభ్యంతరం చెప్పడు. మొదటి పని రెండో దానికి కారణమైనప్పుడు కర్తలు వేరైనా తెలుగులో క్త్వార్థకం చెల్లుతుంది. 'గాలి వీచి దీపం ఆరింది', 'ఎండలు ముదిరి బావులు ఎండాయి' అన్నవి కూడా ఇటువంటివే. సంస్కృత నియమాన్ని యథాతథంగా వల్లించే ఉపాధ్యాయుడు ఈ రెంటినీ ఒకే గాటన కట్టి, మంచి వాక్యాన్ని కూడా కొట్టివేసే ప్రమాదం ఉంది.

ఈ భేదం తెలిస్తేనే తాత వాక్యంలోని చిక్కు పూర్తిగా అర్థమవుతుంది. కర్తలు వేరైన క్త్వార్థకానికి కార్యకారణ సంబంధాన్ని ఆపాదించడం తెలుగు పాఠకుని సహజ స్వభావం. కనుక తాత పొలానికి పోవడం వల్లనే కట్ట తెగిందన్న ధ్వని అందులో వస్తుంది. పాపం, ముసలాయన మీద లేని నేరం పడుతుంది. మరి విద్యార్థి చెప్పదలచుకున్నది ఏమిటి? తాత పొలానికి పోయిన తరవాత కట్ట తెగిందనా, పోతుండగా తెగిందనా, పోయేసరికే తెగి ఉందనా? మూడూ మూడు వేరు వేరు కథలు. తాత పొలంలో ఉన్నప్పుడు నీళ్లు వచ్చి మీద పడ్డాయంటే అది ప్రాణాపాయానికి సంబంధించిన విషయం. ఆయన వెళ్లేసరికే కట్ట తెగి ఉందంటే, ఆ సంగతిని మొదట చూసినవాడు ఆయనే కావచ్చు, ఊరివాళ్లను కేకవేసినవాడూ ఆయనే కావచ్చు. ఏది నిజమో వ్యాకరణ పుస్తకం చెప్పలేదు. రాసిన పిల్లవాణ్ణి పిలిచి అడగాలి. ఆ ప్రశ్న అడగకుండా 'పోయి'ని కొట్టి 'పోయినప్పుడు' అని పైన రాసి ఇచ్చే ఉపాధ్యాయుడు వ్యాకరణాన్ని కాపాడుతూ కథను మార్చివేసిన వాడవుతాడు.

ఇటువంటి దోషాలు కంటికి ఆనకపోవడానికి బలమైన చారిత్రక కారణం ఉంది. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో పది పరిచ్ఛేదాలు ఉన్నాయి. సంజ్ఞ, సంధి, తత్సమ, ఆచ్ఛిక, కారక, సమాస, తద్ధిత, క్రియా, కృదంత, ప్రకీర్ణకాలు వరుసగా వస్తాయి. వాక్యానికి ప్రత్యేకించిన పరిచ్ఛేదం వాటిలో లేదు. పదం నిష్పన్నమయ్యే తీరును అంత సూక్ష్మంగా సూత్రీకరించిన గ్రంథం తెలుగులో మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు. కాని పదాలు కూడి వాక్యమయ్యే తీరు అందులో అక్కడక్కడ చెదరి ఉంటుంది. చిన్నయసూరికి వాక్యం తెలియదని దీని అర్థం కాదు. 1853 నాటి నీతిచంద్రిక చదివినవారికి ఆయన వాక్యం మీద ఎంత అధికారం గలవాడో తెలుస్తుంది. ఆయన వాక్యాన్ని సూత్రంతో కాక రచనతో బోధించాడు. తరవాతి తరాల బడిపంతుళ్లు సూత్రాలను నిలుపుకొని రచనను కంఠపాఠానికి పరిమితం చేశారు. సంధులు, సమాసాలు అంటే వ్యాకరణం అనే నమ్మకం అలా పాతుకుపోయింది.

గిడుగు రామమూర్తి పంతులు ఈ వ్యవస్థను మరొక దిక్కు నుంచి ఎదుర్కొన్నాడు. విద్యార్థులు గ్రాంథికంలో తప్పులు రాస్తున్నారని పండితులు ఆక్షేపించిన కాలంలో, ఆయన ఆ పండితుల రచనలనే ముందు వేసుకుని దిద్దడం మొదలుపెట్టాడు. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' ఆ శ్రమకు ఫలితం. నియమాలను శాసించేవారే వాటిని పాటించలేకపోతున్నారని ఒక్కొక్క ప్రయోగాన్నీ పట్టి చూపించాడు. 1910ల ఆరంభంలో మద్రాసు రాజధానిలోని పాఠశాలాంత పరీక్షలో వ్యావహారిక రచనకు అనుమతి లభించి కొద్దికాలానికే రద్దు కావడం, మద్రాసు విశ్వవిద్యాలయం ముందు గురజాడ అప్పారావు 1914లో తన అసమ్మతి పత్రాన్ని సమర్పించడం, ఈ పోరాటంలో మరి కొన్ని ఘట్టాలు. తేలికగా మరిచిపోయే విషయం ఒకటి ఉంది: ఆ మహావివాదమంతా విద్యార్థి రాసే వ్యాసం గురించి, దానిని ఏ ప్రమాణంతో దిద్దాలన్న ప్రశ్న గురించి సాగింది.

గిడుగు విజయం సామాన్యమైనది కాదు. పిల్లలు నోట పలకని రూపాలను రాయలేక, రాసినవి తప్పని తిట్లు తినే దుస్థితి ఆయన వల్ల తొలగింది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకోవడం సముచితం. అయితే ఆ వివాదం కూడా ప్రధానంగా రూపాల మీదే నడిచింది. 'వచ్చుచున్నాడు' ఒప్పా, 'వస్తున్నాడు' ఒప్పా అన్న వాదంలో వాక్య నిర్మాణం పక్కన ఉండిపోయింది. గ్రాంథికం వెళ్లి వ్యావహారికం వచ్చినా ఎర్రసిరా మాత్రం పదం దగ్గరే ఆగింది.

ఆ లోటును తీర్చే ప్రయత్నంగా 1975లో వచ్చిన చేకూరి రామారావు 'తెలుగు వాక్యం' విలువ ఇక్కడ గుర్తుకు తెచ్చుకోదగినది. ఆధునిక భాషాశాస్త్ర సిద్ధాంతాల వెలుగులో తెలుగు వాక్యాన్ని ఆయన విడిగా పరిశీలనకు తీసుకున్నాడు. సంశ్లిష్ట వాక్యం, సంయుక్త వాక్యం, అనుకృతి వంటి విషయాలు తరవాత పాఠ్యపుస్తకాల్లోకీ ప్రవేశించాయి. ప్రవేశించాయి గాని, పరీక్ష ప్రశ్నలుగా ప్రవేశించాయి. "సీత బజారుకు వెళ్లింది. సీత కూరలు కొన్నది" అని ఇచ్చి సంశ్లిష్ట వాక్యంగా మార్చమంటారు, విద్యార్థి "సీత బజారుకు వెళ్లి కూరలు కొన్నది" అని రాసి మార్కు తెచ్చుకుంటాడు. ఇటువంటి అభ్యాసాల్లో దాదాపు ఎప్పుడూ కర్త ఒకరే. రెండో కర్త వచ్చినప్పుడు ఏమి చేయాలో అభ్యాసం నేర్పదు. అదే విద్యార్థి అదే ప్రశ్నపత్రంలోని వ్యాసంలో తాతనూ కట్టనూ కలిపి కట్టి మార్కు పోగొట్టుకోడు కూడా, ఎందుకంటే ఆ తప్పును చూసేవారు లేరు.

'వచ్చిండ్రు' సంగతి వేరు. అది తెలంగాణలో కోట్లమంది నోట నిత్యం పలికే క్రియారూపం. దాని పురుష వచనాలు సక్రమం, దాని నిర్మాణం నియమబద్ధం. దానిని 'బాధ'ను 'భాద'గా రాసిన తప్పుతో సమానంగా ఎర్రసిరాతో కొట్టడం, పిల్లవాని ఇంటి మాటను అక్షరదోషాల జాబితాలో చేర్చడమే. కాళోజీ నారాయణరావు జీవితాంతం ఎదిరించింది ఈ చూపునే. తెలంగాణ రాష్ట్రం ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా ప్రకటించుకున్నా, తరగతి గదిలో పెన్ను పట్టిన చేతికి ఆ అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. రాయలసీమ పిల్లవాని 'వచ్చినాడు', ఉత్తరాంధ్ర పిల్లవాని యాస కూడా ఇదే గతికి లోనవుతాయి. అలాగని ఉపాధ్యాయునికి చెప్పవలసినది ఏమీ లేదని కాదు. 'వచ్చిండ్రు' అని రాసిన చేతితోనే విద్యార్థి రెండు వాక్యాల తరవాత 'పడ్డారు' అని రాశాడు. రెండూ ఒప్పే, ఒకే కథనంలో రెండూ కలిసినప్పుడు ఏది తన గొంతో రచయిత తేల్చుకోవాలి. ఈ మాట పిల్లవానికి చెప్పదగినదే, కాని దానికి ఎర్రసిరా అక్కర లేదు, మార్కు తగ్గించనక్కర లేదు.

"కారణం ఏమిటంటే దానిని ఎవరూ బాగు చేయలేదు" అన్న వాక్యం మీద పండితుల్లో భేదాభిప్రాయానికి తావుంది. కట్టుదిట్టంగా రాసేవారు 'బాగు చేయకపోవడమే కారణం' అంటారు. మాటల్లో 'ఏమిటంటే' తరవాత పూర్తి వాక్యం రావడం తెలుగుకు సహజం కనుక దానిని తప్పు అనడం కష్టం. 'కారణం ఏమిటంటే' అని ఎత్తుకుని చివర 'అనేది కారణం' అని మళ్లీ ముగిస్తే మాత్రం వాక్యం తన తోకను తానే తొక్కుతుంది. ఈ విద్యార్థి ఆ పని చేయలేదు.

అయితే ఇక్కడ దిద్దుబాటు పేరిట జరగగల అపచారం మరొకటి ఉంది. గ్రాంథిక గాంభీర్యం మీద మోజు గల ఉపాధ్యాయుడు దీనిని "మరమ్మతులు చేపట్టబడలేదు" అని మెరుగుపరచవచ్చు. పిల్లవాని వాక్యంలో 'ఎవరూ' అన్న మాట ఉంది. ఎవరో ఒకరు చేయవలసి ఉండి చేయలేదన్న ఆరోపణ అందులో ఉంది. 'చేపట్టబడలేదు' అనగానే ఆ ఎవరో మాయమవుతారు. కర్మణి ప్రయోగం తెలుగు మాటల్లో అరుదు; కార్యాలయాల ప్రకటనల్లో, అనువాదాల్లో విస్తారం. "చర్యలు తీసుకోబడును", "దరఖాస్తులు స్వీకరించబడవు" అన్న బోర్డులు చదువుతూ పెరిగిన పిల్లలు, పెద్ద విషయం రాయవలసి వచ్చినప్పుడు 'బడు'ను ఆశ్రయిస్తే ఆశ్చర్యం ఏముంది? మొదటి వాక్యంలోని 'చెరువును కలిగి ఉంది' కూడా ఆ దారిన వచ్చినదే. ఊళ్లో చెరువు ఉంటుంది; ఊరు చెరువును కలిగి ఉండదు. పాఠ్యపుస్తకాల్లో దేశాలు ఖనిజాలను, నదులు ఉపనదులను కలిగి ఉన్నాయని చదివి చదివి పిల్లవాడు తన ఊరికి కూడా ఆ మర్యాద చేశాడు. 'రాముడూ లక్ష్మణుడూ' అని దీర్ఘంతో కలిపే భాషలో 'రాముడు మరియు లక్ష్మణుడు' అని రాయడం ఈ కోవకే చెందుతుంది. ఈ తప్పులు పుట్టిన చోటు తరగతి గది కాదు. వాటిని దిద్దవలసిన పుస్తకాలు విద్యార్థుల నోటు పుస్తకాలు మాత్రమే కావు. పాఠ్యపుస్తక రచయితల రాతప్రతులు, కార్యాలయాల ఉత్తర్వుల ముసాయిదాలు కూడా.

ఒక తరగతి పుస్తకాలన్నీ ఒక రాత్రిలో దిద్దవలసిన ఉపాధ్యాయునికి ప్రతి వాక్యం దగ్గరా ఆగే తీరిక లేదన్నది కాదనలేని వాస్తవం. అక్షరదోషం ఒక్క గీతతో తీరుతుంది, వాక్యదోషానికి సంభాషణ కావాలి. అందువల్ల అన్ని తప్పులనూ ఒకే రాత్రి పట్టవలసిన అవసరం లేదు. ఒక వారం ఒత్తులను వదిలి క్త్వార్థకాలను మాత్రమే చూడవచ్చు. ఒక పుస్తకంలోని ఒకే వాక్యాన్ని, రాసినవారి పేరు చెప్పకుండా నల్లబల్ల మీద రాసి, తరగతినంతా అడగవచ్చు: తాత పొలానికి పోయాక తెగిందా, పోకముందే తెగిందా? రాసిన పిల్లవాడు అప్పుడు వెనక బెంచీ నుంచి లేచి, తాత ఇంకా గట్టు దిగనే లేదని, నీళ్ల చప్పుడు విని వెనక్కి తిరిగాడని చెప్పవచ్చు. ఆ సంగతి వ్యాసంలో ఎక్కడా లేదు.