ఊకొట్టని శ్రోత

ఊరుకున్నంత ఉత్తమం లేదన్నారు మన పెద్దలు. వాళ్ళు కంప్యూటర్ చాట్ గదుల్లో కాపురం చెయ్యలేదు గనక సరిపోయింది. అక్కడ ఊరుకున్న మనిషిని ‘ఐడిల్’ అంటారు. అంటే పనీపాటా లేనివాడన్నమాట. పేరు పెట్టడంలోనే సగం తీర్పు చెప్పేశారు. ఆ తీర్పు ఏపాటి న్యాయమో కాస్త చూద్దాం.

1988 ఆగస్టులో ఫిన్లండు దేశంలో, ఊలు విశ్వవిద్యాలయంలో, యార్కో ఒయికరినెన్ అనే ఆయన ఇంటర్నెట్ రిలే చాట్ అనే ఏర్పాటు చేశాడు. ముద్దుగా ఐ.ఆర్.సి. అంటారు. ఎక్కడెక్కడి వాళ్ళో కంప్యూటర్ల ముందు కూచుని, ఒకే గదిలో ఉన్నట్టు టైపు చేసుకుంటూ కబుర్లాడుకోవచ్చు. ఆ గదికి ఛానల్ అని పేరు. ఎన్ని కొత్తవి వచ్చినా అది మూతపడలేదు. 2021లో మొదలైన లిబెరా చాట్ వంటి చోట్ల ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఇప్పటికీ కొలువు తీరుతూనే ఉన్నారు.

అలాంటి గదిలో వంద పేర్లు కనిపిస్తే, వినిపించేవి ముగ్గురి మాటలు. కొత్తగా వచ్చినవాడికి ఒళ్ళు మండుతుంది. “ఇంతమంది ఉండీ ఒక్కరూ పలకరేమిటయ్యా?” అంటాడు. పాపం, వాళ్ళ బాధ వాళ్ళది. ఐ.ఆర్.సి. గదికి మామూలుగా జ్ఞాపకశక్తి లేదు. మనం లేనప్పుడు జరిగిన మాటలు తిరిగి వచ్చాక కనబడవు. అందుకని జనం తలుపు తీసిపెట్టుకునే కాఫీకి పోతారు, ఆఫీసుకు పోతారు, నిద్రపోతారు. వచ్చి తీరిగ్గా చదువుకుంటారు.

మరి మనిషి ఉన్నదీ లేనిదీ తెలిసేదెలా? సర్వర్ అప్పుడప్పుడూ ‘పింగ్’ అంటుంది. ఇవతలి కంప్యూటర్ ‘పాంగ్’ అనాలి. అనకపోతే సంబంధం తెంపేస్తుంది. అచ్చం అమ్మమ్మ కథ చెబుతూ ఊకొట్టమన్నట్టే. కాకపోతే మనవడు నిద్రపోతే ఊ ఆగిపోతుంది, అమ్మమ్మ దుప్పటి కప్పుతుంది. ఇక్కడ మనిషి గుర్రుపెట్టినా యంత్రం ఊకొడుతూనే ఉంటుంది!

ఇంకో లెక్క కూడా ఉంది. ‘హూయిజ్’ అని పేరు కొడితే, ఆ ఆసామీ ఎన్ని సెకండ్లుగా ఐడిల్‌గా ఉన్నాడో చెప్పేస్తుంది. చివరిసారి మాట పంపింది మొదలు లెక్క. చదవడం పనిలోకి రాదు. కాబట్టి గంటసేపు ప్రతి అక్షరమూ శ్రద్ధగా చదివినవాడు సోమరి. ‘హిహి’ అని కొట్టి వెళ్ళిపోయినవాడు కార్యశూరుడు. గడియారం తప్పేమీ లేదు. దాన్ని చూసి మనిషికి మార్కులు వేసేవాళ్ళదే తప్పు.

ఇంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. కొందరు పది నిమిషాలు లేచి వెళ్ళాలంటే, “భోజనానికి పోతున్నా”, “వచ్చేశా” అని గదంతా వినిపించేట్టు యంత్రానికి అప్పజెబుతారు. 1993 మేలో ఒయికరినెన్, డారెన్ రీడ్ కలిసి రాసిన నిబంధనల పత్రంలో ‘అవే’ అనే సదుపాయం ఉంది. మనల్ని విడిగా పలకరించిన వాడికే ఆ జవాబు పోతుంది గాని, ఛానల్లో అందరికీ కాదు. చక్కని ఏర్పాటు. ఇంటికి తాళం వేస్తూ పక్కింటావిడతో చెప్పి వెళ్ళడం మర్యాద. వీధిలో దండోరా వేయించడం మర్యాదెలా అవుతుంది? 1995 అక్టోబరులో సాలీ హాంబ్రిడ్జ్ కూర్చిన నెట్ మర్యాదల పత్రం కూడా కొత్తచోట ముందు వినమంది. యంత్రంచేత అందరికీ నమస్కారాలు పెట్టించడం పనికిరాదంది.

ముందు వినమన్నారు కదా, అలా వినేవాడు ఎవరనుకున్నారు? మన వూరి కాలేజీ కుర్రాడు కావచ్చు. ఇంగ్లీషులో వాక్యం కూడగట్టుకునే లోపల అవతల మాట నాలుగు మలుపులు తిరిగిపోతుంది. అతనికి ఆ గది ఫీజు లేని బడి. ఛానల్ ఆపరేటరుగారు ‘ఊరికే కూచున్నారు’ అని చీపురు పట్టుకుంటే, రేపు జవాబు చెప్పగలిగేవాణ్ణి ఇవాళే గెంటేసినట్టు.

అలాగని ఊరుకున్నవాడికి బాధ్యత లేదనను. పేరు పెట్టి పిలిచినవాడికి, ఆలస్యమైనా, వచ్చాక జవాబివ్వాలి. అందులోనూ ఆపరేటరుగారే తాళాలగుత్తి బొడ్లో దోపుకుని రోజుల తరబడి మాయమైతే, లోపల ఎవడు అల్లరి చేసినా అడిగే దిక్కుండదు. ఆ ఐడిలుతనం మాత్రం క్షమించరానిది. వెళ్ళేముందు ఇంకొకరికి అప్పగించి వెళ్ళాలి.

ప్రశ్న అడిగేవాడికీ ఓ మాట. “ఎవరైనా ఉన్నారా?” అని గుమ్మంలో నిలబడి అరవకండి. అడగదలచింది పూర్తిగా అడిగి, కాసేపు కూచోండి. నిద్రలేచిన వాడెవడో చూసి చెబుతాడు. ఈలోగా మీరూ ఐడిలే.