దేవతాముద్ర, టంకాధికారం: ‘దేవాలయ నాణెం’ అనే పేరుపై విమర్శ

విజయనగర చివరి దశకు చెందిన బంగారు వరాహాలలో, తోరణం కింద నిలిచిన శ్రీవేంకటేశ్వరుని రూపం గలవి ప్రసిద్ధాలు. వీటిని ‘దేవాలయ నాణేలు’గా పేర్కొనడం ఎంతవరకు సమంజసమో మధ్యయుగ ఐరోపా చర్చి నాణేలతో పోల్చి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కాంటర్‌బరీ, యార్క్, కొలోన్ ఆర్చిబిషప్పులు, డరహం బిషప్పు వెండి నాణేలు ముద్రింపించారు. అక్కడ మతాధికారే టంకాధికారి, ఆదాయమూ అతనిదే. అయితే ఆ హక్కుకు మూలం రాజు. ఆ హద్దు వివాదాస్పదం కూడా అయింది. 9వ శతాబ్దిలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు వుల్ఫ్రెడ్ రాజు పేరు లేకుండా తన రూపంతో పెన్నీలు వెలువరించాడు. యార్క్‌లో ముద్రించిన వెండి గ్రోటుపై కార్డినల్ టోపీని వేయించడం 1529లో వుల్సీపై మోపిన అభియోగాలలో ఒకటి.

తిరుమల స్థితి వేరు. 1514లో శ్రీకృష్ణదేవరాయలు స్వామికి 30,000 వరాహాలతో కనకాభిషేకం చేశాడు. భక్తులు శ్రీభండారానికి సమర్పించిన ధనంతో దేవస్థాన గ్రామాలలో చెరువులు, కాలువలు బాగుచేయించేవారు. పెరిగిన పంట నైవేద్యాలకు ఆధారమయ్యేది. ఆలయం నాణేన్ని స్వీకరించింది, పెట్టుబడిగా మార్చింది. దాన్ని ముద్రించినది మాత్రం రాజ్యం.

రెండవ వేంకటపతిదేవరాయల (1586–1614) వరాహాలపై నాగరిలిపిలో ‘శ్రీవేంకటేశ్వరాయ నమః’ అని ఉంటుంది. ఇందలి చతుర్థీ విభక్తి గమనార్హం. దేవుడు నమస్కారాన్ని అందుకొనేవాడు. నాణేన్ని జారీచేసేవాడు కాడు. నమస్కరించే రాజే ఇక్కడ వక్త.

తరువాతి చరిత్ర ఈ భేదాన్ని మరింత స్పష్టం చేస్తుంది. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ ఉభయదేవేరులతో కూడిన వేంకటేశ్వరుని రూపంతో వరాహాలు ముద్రించింది. మైసూరు పాలకుడు హైదర్ అలీ (1761–1782) తన వరాహాలపై శివపార్వతుల రూపాన్ని నిలిపాడు. జనం నమ్మి పుచ్చుకొనే ముద్రను చెలామణి కోసం కొనసాగించిన సందర్భాలివి. అందువల్ల బొమ్మను బట్టి జారీకర్తను నిర్ణయించడం పొరపాటు.

విజయనగరం, పాలెగాళ్లు, మైసూరు, కంపెనీ ప్రాబల్యాలను వరుసగా చూసిన మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల చరిత్రకారులకు ఈ విచక్షణ అత్యవసరం. ఇక్కడ దొరికే ఒక వరాహంపై ఒకే దేవుడున్నా, దాని వెనుక ఉన్న ప్రభుత్వం ఏదైనా కావచ్చు. రూపం ఎవరిది, టంకశాల ఎవరిది, ఆదాయం ఎవరికి అనే మూడు ప్రశ్నలనూ విడివిడిగా వేసుకోవాలి. చర్చి నాణేలలో ఈ మూడింటికీ సమాధానం తరచు ఒక్కరే. వేంకటేశ్వర వరాహాలలో అలా కాదు. కనుక వీటికి ‘దేవతాముద్ర నాణేలు’ అనే పేరే తగినది.