మూడు బకెట్ల విద్య

ఆసుపత్రి గుమ్మం దాటగానే ఫినాయిల్ వాసన గుప్పుమంటే ‘ఫరవాలేదు, శుభ్రంగానే ఉంచుతున్నారు’ అనుకుంటాం. నిజానికి ఆ వాసనను బట్టి తెలిసేది ఫినాయిల్ పోశారని మాత్రమే. నేల సంగతి తెలియాలంటే మాపు పట్టిన మనిషి పనితీరు కాసేపు గమనించాలి.

వార్డులో పొడి చీపురు పనికిరాదు. చీపురు వేస్తే నేల మీది దుమ్ము గాలిలోకి లేచి, మంచాల మీద, కట్టు విప్పిన గాయాల మీద వాలుతుంది. పొడిగా దులిపితే దుమ్ము పోదని, తడిగుడ్డతో తుడవాలని ఫ్లోరెన్స్ నైటింగేల్ 19వ శతాబ్దంలోనే రాసింది. అందుకే అక్కడ ఏ పనైనా తడితోనే.

ఆ తడికీ ఒక వరుసుంది. ఒక బకెట్లో సబ్బు నీళ్ళు, రెండో దాంట్లో మాపు జాడించడానికి మంచినీళ్ళు, మూడో దాంట్లో సిబ్బంది ‘హైపో’ అని పిలిచే సోడియం హైపోక్లోరైట్. ముందు సబ్బు నీళ్ళతో తుడిచి, మాపును జాడించి పిండి, నేల ఆరాక హైపో పెడతారు. మురికి ఉన్నచోట హైపోలోని క్లోరిన్ ఆ మురికితోనే ఖర్చైపోతుంది, క్రిముల దాకా చేరదు. సబ్బు దశ దాటేసి హైపో పెట్టడం ఎంగిలి విస్తరి తీయకుండా మళ్ళీ వడ్డించడం లాంటిది.

కలపడంలోనూ లెక్క తప్పకూడదు. 5 శాతం హైపో ద్రావణం ఒక లీటరుకు నాలుగు లీటర్ల నీళ్ళు పోస్తే 1 శాతం అవుతుంది. ఎండకూ వేడికీ దాని బలం తగ్గిపోతుంది కనుక ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. తుడిచాక కనీసం పది నిమిషాలు నేల తడిగా ఉండాలి. త్వరగా ఆరాలని వెంటనే ఫ్యాన్ వేస్తే మందు పని పూర్తికాదు.

ఇక తుడిచే తీరు. గది లోపలి మూల నుంచి మొదలుపెట్టి, వెనక్కి నడుస్తూ తలుపు దగ్గర ముగిస్తారు. తుడిచిన చోట మళ్ళీ కాలు పడదు. కొత్తగా చేరినవాళ్ళు మాపును ముందుకూ వెనక్కూ తోస్తారు; మురికి చారలు కట్టి అక్కడే ఉండిపోతుంది. చెయ్యి తిరిగినవాళ్ళు 8 అంకె వేసినట్టు తిప్పుతారు. మాపు ముందంచు ఎప్పుడూ ఒకటే కావడంతో పోగైన మురికి దాంతోపాటే వచ్చేస్తుంది. మంచం చక్రాలు, తలుపు వెనక మూల, గోడ అడుగు పట్టీ మరిచిపోరు. బకెట్లో నీళ్ళు రంగు మారితే పారబోస్తారు. మరుగుదొడ్డి మాపు వార్డు గడప తొక్కదు.

నేల ఏ రాయో కూడా తెలియాలి. మన పాత ప్రభుత్వ భవనాల్లో చాలాచోట్ల తాండూరు, బేతంచర్ల బండలే. అవి సున్నపురాళ్ళు. మరక పోలేదని బాత్రూమ్ యాసిడ్ పోస్తే బుసబుసా నురగ వస్తుంది. మురికి కరుగుతోందని సంతోషిస్తాం గానీ కరిగేది రాయే. నునుపు పోయిన రాయి మరింత మురికి పడుతుంది, దాంతో మరింత యాసిడ్ పోస్తారు. గ్రానైట్ అంత తేలిగ్గా లొంగదు కానీ దాని అతుకుల్లోని సిమెంటును యాసిడ్ తినేస్తుంది. ఇక యాసిడ్, హైపో ఒకచోట కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు; తుడిచేవారి ఊపిరికే ముప్పు.

ఈ మెలకువల్లో చాలావరకు ముందు చేరినవాళ్ళు తర్వాత వచ్చినవాళ్ళకు పక్కన నిలబడి నేర్పినవే. 2015లో కేంద్రం మొదలుపెట్టిన ‘కాయకల్ప’ పథకం ప్రభుత్వ ఆసుపత్రుల శుభ్రతకు మార్కులు, బహుమతులు పెట్టింది. మంచిదే. అయితే పది నిమిషాల తడికీ, నీళ్ళు మార్చడానికీ, మాపు ఉతకడానికీ సమయం కావాలి. ఒక్క మనిషికి నాలుగు వార్డులు అప్పజెప్పి ‘తొందరగా కానివ్వు’ అంటే మొదట ఎగిరిపోయేది జాడింపు, తర్వాత సబ్బు నీళ్ళు. చివరికి మిగిలేది వాసనే. కాంట్రాక్టు కాగితంలో చదరపు అడుగులతో పాటు ఆ సమయం కూడా రాసినప్పుడే తుడిచేవారి విద్య రోగికి అక్కరకొస్తుంది.