బంగారమును బ్రతుకును: ఫ్రెంచి చిత్రముల వెలుగులో కోలారు గనులు

చలనచిత్రకళ కార్మికులతో ఆరంభమైనదనుట అతిశయోక్తి కాదు. 1895లో లూమియేర్ సోదరులు లియాన్ నగరమందలి తమ కర్మాగారపు ద్వారము తెఱచుటయు, పనివారు వెలుపలికి వచ్చుటయు చిత్రించిరి. ఒక్క నిముషమైనను సాగని ఆ చిత్రమున కథ లేదు, నాయకుడు లేడు. పని ముగించి మరలు మనుష్యులు మాత్రమే కలరు.

ఆ కాలముననే కోలారు జిల్లాలో వేలకొలది కార్మికులు భూగర్భమునకు దిగుచుండిరి. జాన్ టేలర్ సంస్థ 1880లో చేపట్టిన ఆ గనులకు 1902లో శివసముద్రమునుండి విద్యుచ్ఛక్తి వచ్చినది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు సాగినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. నూటయిరువది యేండ్ల ఆ శ్రమకు, తమిళులతోను కన్నడిగులతోను కలసి అందు పాల్గొన్న తెలుగువారి జీవితమునకు, తగిన చిత్రము వచ్చినదా?

'కె.జి.యఫ్.' (2018), దాని రెండవ భాగము (2022) దేశమంతట ఆదరణ పొందినవి. చిత్రీకరణ నైపుణ్యము కాదనరానిది. కాని అందు గని యొక కోట, కార్మికుడు బానిస, ఉద్ధరించువాడు వెలుపలినుండి వచ్చిన వీరుడు. పా. రంజిత్ 'తంగలాన్' (2024) ఇంతకంటె ముందడుగు వేసినది. స్త్రీలు తొలిసారి రవికలు తొడిగి మురియు ఘట్టము వేయి యుద్ధములకు సాటి. ఐనను ఆ చిత్రము త్వరలోనే మంత్రతంత్రముల మార్గము పట్టినది.

ఈ సందర్భమున జాక్ బెకేర్ 'ఆంత్వాన్ ఎ ఆంత్వానెత్' (1947) స్మరింపదగినది. పారిస్ నగరమున భర్త అచ్చుపని చేయును. భార్య దుకాణమున అమ్మకము చేయును. బహుమతి వచ్చిన లాటరీ చీటి పోవును. ఆ ధనముతో వారు కోరునది రాజ్యము కాదు, ఒక మోటారుసైకిలు. దర్శకుని దృష్టి చీటిపై కంటె దానిని వెదకు దంపతుల ముఖములపై, ఇరుగుపొరుగువారిపై నిలుచును. సంపదను గూర్చిన కథలో సంపదకంటె మనుష్యులు పెద్దవారైరి. కోలారు కథలకు కొఱవడినది ఈ నిష్పత్తియే.

గనులనే వస్తువుగా గొన్న క్లోద్ బెరి 'జెర్మినాల్' (1993), ఎమిల్ జోలా 1885 నాటి నవల ననుసరించినది. అందలి సమ్మె దృశ్యముల భారీతనము కొంత బరువైనను, బొగ్గుమసి కడుగుకొను కుటుంబపు స్నానపుతొట్టియు, రొట్టె చాలని బల్లయు సమ్మెకు కారణమును ఉపన్యాసము లేకయే తెలుపును.

ఈ దృష్టి మనకు పరాయిది కాదు. 1949లో కలకత్తా వచ్చిన జాఁ రెన్వార్‌తో పరిచయమైన సత్యజిత్ రాయ్, 1955లో 'పథేర్ పాంచాలి'ని వెలయించెను. కోలారునందును సామగ్రికి కొదువ లేదు. 1930లో కార్మికులు వ్రేలిముద్రల నమోదును ఎదిరించి సమ్మె చేసిరి. అది కూలికంటె ముందు గౌరవమునకై జరిగిన పోరు. లోతున ఒత్తిడికి శిల హఠాత్తుగా పగిలినపుడు పైనున్న యిండ్లును కంపించెడివి. ఆ కంపమున వంట చేయుచున్న యిల్లాలి చేయి ఆగుట యొక్కటి చాలు. ఏ వీరుని ప్రవేశమును దానికి సరిరాదు. గనులు మూతపడిన పిదప తెల్లవాఱకమునుపే మారికుప్పము రైలులో బెంగుళూరికి కూలికై పోవువారి ప్రయాణము లూమియేర్ చిత్రమునకు తిరుగుముఖము వంటిది.

గనిలోనికి దిగినవారు వృద్ధులగుచున్నారు. వారి పలుకులు, పండుగలు, దగ్గులు, నవ్వులు నమోదు కానిచో, కల్పిత వీరగాథయే రేపటివారికి చరిత్రయై నిలుచును. సైనైడు దిబ్బలను వెండితెర చూచినది. వాని నీడనున్న యిండ్లను చూడవలసియున్నది. ఆ పనికి కోట్ల ధనముకంటె ఓర్పుగల కన్ను ముఖ్యమని ఫ్రెంచి చిత్రములు చాటుచున్నవి.