మాతృక నుండి శాఖకు: స్వేచ్ఛా డెస్క్‌టాప్ నిర్వహణ వ్యవస్థల్లో భేదం, బాధ్యత

వ్యాససంగ్రహం: ఒక స్వేచ్ఛా నిర్వహణ వ్యవస్థ నుండి మరొకటి పుట్టినప్పుడు వాటి మధ్య భేదాన్ని ఏ ప్రమాణాలతో కొలవాలి అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. డెబియన్, ఉబుంటు, మింట్‌లను పోల్చి, ఆ పోలిక ఆధారంగా తెలుగు నిర్వహణ వ్యవస్థ ‘స్వేచ్ఛ’ లేవనెత్తే ప్రశ్నలను చర్చిస్తుంది.

కీలక పదాలు: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, డెబియన్, ఉబుంటు, మింట్, స్వేచ్ఛ, స్థానికీకరణ.

1. ఉపోద్ఘాతం

తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితునికి రెండు ప్రతుల మధ్య ఉన్న ప్రతి తేడా పాఠాంతరం కాదని తెలుసు. కొన్ని లేఖకుని చేతివాటం. కొన్ని మాత్రమే అర్థాన్ని మారుస్తాయి. నిర్వహణ వ్యవస్థల విషయంలోనూ ఈ వివేచన అవసరం. తెరమీది బొమ్మ, పేరు, రంగులు మారినంత మాత్రాన కొత్త వ్యవస్థ ఏర్పడినట్లు కాదు. ప్యాకేజీలు ఎక్కడి నుండి వస్తున్నాయి, నిర్ణయాలు ఎవరు చేస్తున్నారు, దోషాలను ఎవరు సరిదిద్దుతున్నారు అనే మూడు ప్రశ్నలకు వచ్చే సమాధానాలే అసలైన భేదాన్ని చూపుతాయి.

2. మూడు తరాల పోలిక

1993లో మొదలైన డెబియన్ స్వచ్ఛంద కార్యకర్తల సమష్టి కృషి. 1997లో ఆమోదించుకున్న సామాజిక ఒడంబడిక దానికి రాజ్యాంగం వంటిది. సిద్ధమైనప్పుడే విడుదల చేయడం దాని సంప్రదాయం. 2004 అక్టోబరులో కెనానికల్ సంస్థ అండతో వెలువడిన ఉబుంటు, డెబియన్ సోర్స్ ప్యాకేజీలను తీసుకొని తానే తిరిగి నిర్మిస్తుంది. ఆరు నెలలకొక విడుదల, రెండేళ్లకొక దీర్ఘకాలిక మద్దతు విడుదల అనే కాలనియమాన్ని పాటిస్తుంది. ఇక్కడ మారినది కోడ్ కంటే ముందుగా కాలమూ, అధికారమూ.

2006లో వచ్చిన మింట్ మార్గం వేరు. అది ఉబుంటు నిర్మించిన ప్యాకేజీలను చాలావరకు అలాగే వాడుకుంటూ, వాటిపై సినమన్ డెస్క్‌టాప్‌ను, తన సొంత పరికరాలను చేరుస్తుంది. కోడ్ పరిమాణంలో ఇది పలుచని శాఖ. అయినా ఉబుంటు క్రోమియం బ్రౌజరును స్నాప్ పద్ధతిలోకి మార్చినప్పుడు, 2020లో మింట్ తన 20వ విడుదలలో స్నాప్‌ను అప్రమేయంగా నిరోధించింది. ఉబుంటుపై ఆధారపడక నేరుగా డెబియన్‌పై నిలిచే మరొక కూర్పును కూడా నిర్వహిస్తున్నది. పలుచని శాఖకూ స్వతంత్ర నిర్ణయం సాధ్యమేనని ఇది నిరూపిస్తుంది. కాబట్టి భేదం లోతును మార్చిన కోడ్ పరిమాణంతో కొలవడం సరికాదు.

3. తెలుగు సందర్భం

తెలుగులో ఈ చర్చకు తగిన ఉదాహరణ 2005లో వెలువడిన ‘స్వేచ్ఛ’. ఆంగ్లం రాని సామాన్యునికి కంప్యూటరును అందించాలన్నది దాని సంకల్పం. తరువాత బడిపిల్లల కోసం ‘బాల స్వేచ్ఛ’, ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం ‘ఈ-స్వేచ్ఛ’ అదే ఉద్యమం నుండి వచ్చాయి. మాతృకలు పట్టించుకోని పాఠకుని కేంద్రంగా నిలపడం ఈ శాఖల సైద్ధాంతిక బలం.

అయితే ఇటువంటి శాఖలన్నింటికీ ఒక చిక్కు ఉంది. మెనూల అనువాదం, ఒత్తుల అమరికలో దోషాల సవరణ శాఖలోనే ఉండిపోతే, మాతృక కొత్త విడుదల తెచ్చిన ప్రతిసారీ ఆ పని మళ్లీ చేయాలి. శాఖ ఆగిన రోజున ఆ శ్రమ కూడా ఆగుతుంది. అదే మాతృకకు చేరితే అన్ని శాఖలకూ ప్రవహిస్తుంది. పోతన, వేమన ఖతులు, లోహిత్ తెలుగు ఖతి డెబియన్ భాండాగారంలో చేరడం వల్ల వాటి కోసం ప్రత్యేక శాఖ అవసరం లేకపోయింది.

దీనికి ప్రతివాదమూ ఉంది. మాతృకలో తెలుగుకు సాధారణంగా ఒకే అనువాదం నిలుస్తుంది. ‘ఫైలు’ అనాలా, ‘దస్త్రం’ అనాలా అన్న వాదంలో ఓడిన మాటకు అక్కడ చోటు దొరకదు. బడిపిల్లల నోటి మాటను ప్రయోగించి చూసే వెసులుబాటు శాఖకే ఉంటుంది. ఈ వాదంలో బలముంది. కాని ప్రయోగ ఫలితం తిరిగి మాతృకకు చేరినప్పుడే అది పదిమందికీ పనికివస్తుంది.

4. వేంసూరు నుండి చూస్తే

ఖమ్మం జిల్లా సరిహద్దున ఉన్న వేంసూరులోనో, భద్రాచలం అడవి అంచున కోయ పిల్లలు చదివే బడిలోనో ఈ చర్చకు ఆచరణ విలువ తెలుస్తుంది. అక్కడి ఉపాధ్యాయునికి కావలసింది పాత యంత్రంపై నడిచేది, తెలుగులో కనిపించేది, అయిదేళ్ల తరువాత కూడా భద్రతా సవరణలు అందుకునేది. సొంత భాండాగారంపైనే ఆధారపడిన శాఖ నిలిచిపోతే యంత్రం తెలుగులో పలకరిస్తూనే ఉంటుంది. లోపల మాత్రం రంధ్రాలు పూడ్చే నాథుడుండడు. మాతృక భాండాగారాన్నే వాడుకునే పలుచని శాఖ అయితే, దాని నిర్మాతలు తప్పుకున్నా మాతృక మద్దతు గడువు ముగిసేవరకు సవరణలు వస్తూనే ఉంటాయి.

5. ముగింపు

శాఖ తన ప్రత్యేకతను ఎంత ఎక్కువగా చాటుకుంటే అంత స్వతంత్రమన్న భావన పునఃపరిశీలించదగినది. తన పాఠకునికి అవసరమైన చోట మాత్రమే భేదించడం, మిగిలినచోట మాతృకతో కలిసి నడవడం, తాను సరిదిద్దినదాన్ని మాతృకకు అప్పగించడం అనే మూడు గుణాలను బట్టి శాఖను విలువ కట్టాలి. తెలుగు నిర్వహణ వ్యవస్థలపై జరిగే పరిశోధన విడుదలల సంఖ్యను కాక, మాతృకలో నిలిచిన తెలుగు శ్రమను లెక్కించడంతో మొదలు కావాలి.